బోర్డు దిగిన పూట

ఆ ఉదయం దర్జీ పెట్టుకున్న పని ఒక్కటే, పెళ్ళికొడుకు కోటుకు గుండీలు కుట్టడం. రెండో గుండీ దగ్గర కూతురు ఫోన్ చేసింది. కొట్టు పేరుతో సంచులు అచ్చు వేయించడానికి ప్రెస్సుకు వెళ్ళింది ఆ పిల్ల. మిషన్ల రొదలో గొంతు చించుకుని, "నాన్నా, బోర్డు టేక్ డౌన్! అర్జెంట్!" అంది. ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

దర్జీకి ఇంగ్లీషు రాకపోలేదు. టేక్ అంటే తీయడం, డౌన్ అంటే కిందికి. అర్థం తెలిసింది గానీ మనసు ఒప్పలేదు. ఆ బోర్డు మీది అక్షరాలు పెళ్ళయిన కొత్తలో భార్య తన చేత్తో రాసినవి.

"కొత్తది చేయిస్తోందేమో, దించెయ్యండి. నావెలాగూ వంకర అక్షరాలే," అంది ఆవిడ, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా. ఆయనకు చివుక్కుమంది. అయినా నిచ్చెన వేశాడు.

బోర్డు నెత్తిన పెట్టుకుని దిగుతుంటే ఎదురు కొట్టు చెప్పులాయన పరిగెత్తుకొచ్చాడు. "ఏంటి బాబాయ్, ఎత్తేస్తున్నారా?"

"ఎత్తెయ్యక ఏం చెయ్యను? అమ్మాయి మాట. కాస్త చెయ్యి వెయ్యి."

చెప్పులాయన చెయ్యి వేశాడు. ఆ వెంటనే దర్జీ దుకాణం ఎత్తేస్తున్నాడని వీధంతా చెప్పొచ్చాడు. కాసేపటికే కొట్టు కిక్కిరిసింది. పెళ్ళికొడుకు రెండు గుండీల కోటే లాక్కుని తొడుక్కున్నాడు. జాకెట్టు కుట్టడానికిచ్చిన టీచరమ్మ, దర్జీ భార్య చేతులు పట్టుకుని కళ్ళు ఒత్తుకుంది.

"నా భుజాల ఎగుడుదిగుళ్ళు నీకు తప్ప ఎవరికి తెలుసమ్మా? ఇంతకీ ఒంట్లో ఎవరికి బాగాలేదు?"

భార్య హడలిపోయింది. "ఏమండీ! నా దగ్గర ఏమన్నా దాస్తున్నారా?"

అప్పుడు దిగింది కూతురు. బోర్డుని చూసి నెత్తి కొట్టుకుంది. "దించమన్నానా నాన్నా? సంచుల కోసం బోర్డు మీదున్నది రాసుకుని పంపమన్నాను! టేక్ డౌన్ అంటే అదీ ఒక అర్థమే! అమ్మ రాసిన బోర్డు ఎవరైనా దించుతారా?"

భార్య ముఖం వికసించింది. దర్జీకి మాత్రం ఒళ్ళు మండింది. "హాయిగా తెలుగులో ఏడిస్తే ఈ గోల ఉండేదా?"

చెప్పులాయన గొంతు సవరించుకున్నాడు. "నేను తెలుగులోనే అడిగాను కదా బాబాయ్, ఎత్తేస్తున్నారా అని."

"నేనన్నది బోర్డు!"

"నేనడిగింది దుకాణం!"

కొట్టు మూతపడటం లేదని అందరికీ రూఢి అయింది. అప్పటిదాకా కళ్ళు ఒత్తుకున్న టీచరమ్మ వాటిని శుభ్రంగా తుడుచుకుని, తన జాకెట్టు ఇన్నాళ్ళూ ఎందుకు కుట్టలేదని నిలదీసింది.