నలభై మూడు పాలపళ్ళు

2005 జూన్ నాటికి డాక్టర్ గోవర్ధనరావు చేతిలో ఉన్నవి: గుడివాడ దగ్గర ఒక డెంటల్ కాలేజీలో పన్నెండేళ్ళ రీడరు ఉద్యోగం, సగం రాసిన పరిశోధన పత్రం, తన మీద తనకు చాలా గొప్ప అభిప్రాయం. లేనిది ప్రొఫెసరు పదవి. ఖాళీ ఒక్కటే ఉంది. డిసెంబరులో తనిఖీ బృందం వచ్చేలోగా పాలపంటి లోపలి స్టెమ్ సెల్స్‌తో నరాల కణాలు పెంచి చూపిస్తే ఆ కుర్చీ ఆయనది. లేకపోతే ఆయన కంటే చిన్నదైన రెండో రీడరు అనూషది.

ఒక సోమవారం ఉదయం ఆయన వేసుకున్న పథకం చిన్నదే. బందరులో ఒక బడికి వెళ్ళి, పన్ను ఊడిన గంటలోపు తెచ్చిచ్చిన పిల్లలకు తలో జామెట్రీ బాక్సు ఇస్తానన్నాడు. పళ్ళు పోగుచేసే పని బడి పక్కన ఇడ్లీ బండి పెట్టుకున్న దేవమ్మకు అప్పగించి, మందునీళ్ళ సీసాలూ ఐసు పెట్టె కూడా ఇచ్చాడు.

"శుభ్రంగా ఉంచు దేవమ్మా," అన్నాడు. ఎలా ఉంచాలో చెప్పడం తన స్థాయికి తగదనుకున్నాడు.

"నా చేతి శుభ్రం బజారంతా ఎరుగుదురండీ."

ఊడిన పన్నును పేడలో పెట్టి ఇంటి మీదకు విసరడం అక్కడి అలవాటు. బాక్సు మాట వినగానే పిల్లలు నిచ్చెనలు వేసుకుని ఇళ్ళెక్కారు. ఆరు వారాల్లో నలభై మూడు పళ్ళు కాలేజీకి చేరాయి. ఒక్క కణమూ బతకలేదు.

"సార్, నలభై మూడూ సున్నాలే," అంది అనూష నోటుబుక్కు చూపిస్తూ.

"నీకు చూడటం రాదమ్మా. ముప్పై తొమ్మిది పెరిగాయని రాయి."

"నా పుస్తకంలో రాయనండి. మీ పత్రంలో మీరు రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. ముప్పై తొమ్మిదిలో ముప్పై నరాల కణాలుగా మారాయని కూడా కలిపాడు. ఎలాగూ లేనివి రాస్తున్నప్పుడు పిసినారితనం దేనికి?

కాలేజీ ఛైర్మన్ సంబరపడి, తనిఖీ రోజునే సభ పెట్టించి దేవమ్మకు సన్మానం చేయించాడు. బృందంతో హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాయన ముచ్చటపడి అడిగాడు:

"అమ్మా, కణాలు చావకుండా పళ్ళు ఎలా పంపించారు?"

"పేడ పళ్ళండీ అవి. అలాగే డాక్టరుగారి చేతిలో పెడతానా? ఇడ్లీలు దించాక అదే పాత్రలో అరగంట ఆవిరి పట్టించి, అప్పుడు సీసాల్లో వేశాను. గుడ్డలో కట్టే పెట్టానులెండి, పాత్రకి తగల్లేదు."

ముందు వరుసలో టిఫిను తిని వచ్చినవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. గోవర్ధనరావు లేచాడు.

"అవి వేరేవండి. పరిశోధనకి వాడినవి కావు."

"అదేంటి బాబూ, నలభై మూడూ నా చేతి మీదుగా వెళ్ళినవేగా. ఒక్కటి కూడా పచ్చిది పంపలేదు."

"అంటే... ఈ ప్రాంతం పిల్లల కణాలు వేడికి తట్టుకుంటాయండి."

"ఇది కూడా మీ పత్రంలో ఉందా?" అని పెద్దాయన అనూష వైపు తిరిగాడు. "మీ నోటుబుక్కు ఇలా ఇవ్వండమ్మా."

నలభై మూడు సున్నాలు చదవడానికి ఎంతోసేపు పట్టదు. ఆ కాలేజీలో నమ్మదగిన కాగితం అదొక్కటేనని పెద్దాయన నివేదికలో రాశాడు. జనవరిలో అనూష ప్రొఫెసరైంది. గోవర్ధనరావుకు దక్కింది పరికరాలకు ఆవిరి పట్టే గది మీద పెత్తనం. అది కూడా ఆరు నెలల ప్రొబేషన్ మీద.