తొమ్మిది వందల కిలోమీటర్లు, పది నిమిషాలు

ఆ ఉదయం లెక్కల మాస్టారి పథకం చిన్నదే. తొమ్మిదింటి విమానం ఎక్కాలి. పదకొండింటికి సరిహద్దు అవతలి ఊళ్ళో ఉన్న అక్కను గుండె ఆపరేషన్‌కి తీసుకెళ్ళేలోగా ఆమె చెయ్యి పట్టుకోవాలి. "నువ్వు రాకపోతే నేను లోపలికి పోనురా" అని అక్క ఫోన్లో తేల్చి చెప్పింది. వాళ్ళమ్మ చివరిసారి ఆస్పత్రికి వెళ్ళిన రోజు ఆయన బడిలో పరీక్ష రాస్తూ ఉండిపోయారు. ఆ సంగతి అక్కాతమ్ముళ్ళు ఎన్నడూ మాట్లాడుకోలేదు.

కాఫీ తాగుతూ టికెట్టు చూశారు. బయలుదేరేది తొమ్మిదికి, చేరేది తొమ్మిదీ పదికి. వెంటనే అట్లాసు తెచ్చి దారంతో కొలిచారు. తొమ్మిది వందల కిలోమీటర్లు!

"పది నిమిషాల్లోనా? అది విమానమా, తుపాకీ గుండా? అచ్చు తప్పు. పదీ పది అయ్యుండాలి."

"మీ స్కూల్లో సోషల్ మాస్టార్ని ఓ మాట అడగండి," అంది భార్య.

"లెక్క చేతిలో ఉండగా అడగడం దేనికే?"

అక్కకు ఫోన్ చేసి, పదీ పదికి దిగుతానని మాటిచ్చారు. అంతటితో ఆగితే బాగుండేది. ముప్ఫై ఏళ్ళు తప్పులు దిద్దిన చెయ్యి ఊరుకోలేదు. విమానాశ్రయంలో కౌంటరు అమ్మాయి ముందు టికెట్టు పెట్టి, ఎర్ర సిరా కలం తీశారు.

"ఈ తప్పు దిద్ది సంతకం పెట్టమ్మా."

"తప్పు కాదు సార్. అక్కడ..."

"అక్కడికేనమ్మా నేను పోయేది. దూరాన్ని వేగంతో భాగించి చూడు."

అమ్మాయి పై అధికారిని పిలిచింది. ఆయన "సార్, ఆ ఊళ్ళో..." అన్నాడో లేదో, "ఊరి సంగతి తర్వాత. ముందు సోపానాలు చూడండి" అంటూ మాస్టారు ఫిర్యాదు కాగితం వెనక లెక్క మొదలుపెట్టారు. కిలోమీటర్లను మీటర్లలోకి కూడా మార్చారు. పోరు పడలేక అధికారి సంతకం గీకేశాడు. మాస్టారు విజయగర్వంతో తలెత్తేసరికి, అద్దాల అవతల తొమ్మిదింటి విమానం గాల్లోకి లేస్తోంది.

కౌంటరు అమ్మాయి కంప్యూటరు వైపు తిరిగింది.

"పదింటికి ఇంకోటుంది సార్. కంగారు పడకండి, అక్కడ..."

"పడకపోతే ఎలాగమ్మా!" అని పరుగెత్తారు.

దిగేసరికి చేతిగడియారంలో పదకొండూ పది. అయిపోయింది. అయినా ఆగలేదు. టాక్సీలో దారంతా చెప్పుకోవలసిన క్షమాపణ వల్లె వేసుకున్నారు. ఆస్పత్రి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి తలుపు తోస్తే, అక్క మంచం మీద తీరిగ్గా కూర్చుని ఉంది.

"ఇంకా తీసుకెళ్ళలేదా! మొండికేసి డాక్టర్లని ఆపేశావా ఏంటే?"

"ఆపడమేంట్రా? ఇంకా పావుగంట ఉంది. పదీ పదికి దిగుతానన్నావు, దిగావు. నీ లెక్క ఎప్పుడు తప్పింది గనక?"

మాస్టారు గోడ వైపు చూశారు. "అమ్మాయ్, మీ గడియారం గంట వెనక ఉంది," అన్నారు నర్సుతో.

"మా ఊరంతా మీకు గంట వెనకే సార్," అంది నర్సు.

మాస్టారు తన చేతిగడియారాన్ని గంట వెనక్కి తిప్పుకున్నారు. అక్క చెయ్యి చాచింది. పట్టుకున్నారు.

ఆ పావుగంట ఎంతసేపు పట్టిందో ఆయన లెక్క వెయ్యలేదు.