రేంజరు గారి జీపుకి మంచి ఫిల్టరు వద్దు

చప్పుడు చెయ్యకుండా స్టార్టయ్యే బండి సమాజానికి ప్రమాదకరం! ఈ మాట తొందరపడి అనడం లేదు. పొద్దున్నే కాఫీ తాగాక, పూర్తి స్పృహతో అంటున్నాను.

ఈమధ్య ఖమ్మం వెళ్తే ఒక ఆటోమొబైల్ షాపు గోడ మీద పోస్టరు కనిపించింది. స్టార్టింగులో ఇంజను టకటకలాడకుండా ఉండాలంటే మంచి ఆయిల్ ఫిల్టరు ఎంచుకోండి అని! ఎంత బాధ్యత లేని రాత! టకటకలాడకపోతే మా ఊరు ఏమైపోవాలి?

మా ఊరి పేరు రాయను. ములకలపల్లి దాటాక అడవిలోకి పోయే దారిలో ఉంటుందని మాత్రం చెప్పగలను. ఊళ్ళో అటవీ శాఖ రేంజి ఆఫీసు ఉంది, వెంకటనారాయణ గారి కోతమిల్లు ఉంది, నేను హెడ్మాస్టరుగా ఉన్న బడి ఉంది. రేంజి ఆఫీసుకి ఒక డీజిల్ జీపు. పొద్దున ఆరింటికి డ్రైవరు బిచ్యా తాళం తిప్పగానే రోట్లో గులకరాళ్లు పోసి దంచినట్టు మొదలుపెడుతుంది. వాగు అవతల దాకా వినిపిస్తుంది. ఎందుకయ్యా ఇంత గోల అని ఒకసారి బిచ్యాని అడిగాను.

"రాత్రంత ఆయిలు కిందికి జారి కూసుంటది సార్. మళ్ల పైకెక్కేదాక ఇనుముకు ఇనుము కొట్టుకుంటది. మంచి ఫిల్టరైతే లోపట రబ్బరు పొర ఉంటది, ఆయిల్ని పట్టుకుంటది. దీంట్ల ఏముంది? ఉత్త డబ్బా!"

టకటక ఆగేదాకా గేరు వెయ్యకూడదని బిచ్యా నియమం. అంటే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో మా ఊళ్ళో ఎంత పని జరుగుతుందో తెలుసా?

కోతమిల్లులో రంపం ఆగుతుంది. దొంగ టేకు దుంగల మీద పొట్టు బస్తాలు పడతాయి. అడవి నుంచి దుంగలతో వస్తున్న బళ్ల వాళ్లు సరుకు పొదల్లోకి దొర్లించి, ఎడ్లని వాగులోకి దింపి కడుగుతారు. ఎనిమిదింటిదాకా లేవని మా ఎదురింటి చెంచురామయ్య గారు ఉన్నట్టుండి కొట్టంలో గడ్డి సర్దుతూ కనిపిస్తాడు. గడ్డి కింద ఏముందని నేను అడగను. ఎడ్లకి కూడా ఎంత క్రమశిక్షణ వచ్చిందంటే, పాల్వంచ వైపు నుంచి ఏ పాత లారీ టకటకమంటూ వచ్చినా సరే, ఎవరూ తోలకుండానే వెళ్లి వాగులో నిలబడుతున్నాయి!

నా సంగతీ దాచను. మా పెరట్లో ఆరు టేకు పలకలున్నాయి. పుస్తకాల బీరువా కోసం. జ్ఞానానికి సంబంధించిన విషయం కాబట్టి అది నేరం కిందికి రాదని నా అభిప్రాయం. అయినా జీపు మొదటి టక అనగానే నేనో కొస, మా ఆవిడ నిర్మలాదేవి ఓ కొస పట్టుకుని, పలకలు గోడవారగా పేర్చి, పైన గోనెపట్టా పరిచి మిరపకాయలు ఎండబోస్తాం. తర్వాత నేను బడికి వెళ్లి ఏడో తరగతికి చెట్ల ఉపయోగాలు చెబుతాను.

ఇంత మేలులో ఒక్క మనిషికే వాటా లేదు. గూడెం ముత్తక్క. రోజూ అడవిలో ఎండుపుల్లలు కొట్టి తెచ్చి మా ఇంటికే ఇస్తుంది. పన్నెండేళ్లు రైస్‌మిల్లులో ఇంజను పక్కన కూర్చుని బియ్యం చెరిగి చెరిగి రెండు చెవులూ పోగొట్టుకుంది. వినిపించడం లేదని మిల్లు వాళ్లు మాన్పించారు. ఇప్పుడామె బతుకంతా ఒక్క గొడ్డలి మీద నడుస్తోంది.

సరే, ఫిల్టరు సంగతికి వద్దాం. ఇంత గొప్ప ఫిల్టరు ఊరికే దొరుకుతుందా? ఎంచుకోవాలి! ఆ బాధ్యత వెంకటనారాయణ గారిది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. ప్రభుత్వం దగ్గర బడ్జెటు లేదని జాలిపడి జీపుకి ఫిల్టర్లు తానే దానం చేస్తాడు. ఒకసారి ఆయన వెంట షాపుకి వెళ్లాను. ఒక్కో ఫిల్టరు తీసుకుని మధ్య కంతకి నోరు పెట్టి ఊదాడు. గాలి ఆగితే లోపల రబ్బరు ఉన్నట్టు. దాన్ని పక్కన పెట్టేశాడు. గాలి హాయిగా దూసుకుపోతే సంచిలో వేసుకున్నాడు.

"వస్తువు కొనేటప్పుడు శ్రద్ధ ఉండాలండీ మాస్టారూ!" అన్నాడు మూతికి అంటిన గ్రీజు తుడుచుకుంటూ.

పోయిన ఏడాది పిచ్చయ్య అనే కొత్త రేంజరు వచ్చాడు. ఆయనకి ఈ గోల నచ్చలేదు. సొంతంగా పాల్వంచ వెళ్లి రబ్బరు ఉన్న ఫిల్టరు తెచ్చి బిగించుకున్నాడు. మర్నాడు జీపు పిల్లిలా బయల్దేరింది. రంపం దుంగలో సగం దిగి ఉండగా మిల్లు గుమ్మంలో వచ్చి ఆగింది! ఇదేం మర్యాద? ముందు కబురు చెయ్యకుండా ఒకరి గుమ్మంలోకి రావచ్చునా?

పెద్దమనుషులం కూర్చుని పైవాళ్లకి అర్జీ రాశాం. సద్దు లేకుండా తిరిగే జీపు వల్ల బాలింతలూ పశువులూ జడుసుకుంటున్నారని. అందులో భాష నాదే. పది రోజుల్లో పిచ్చయ్యకి ఆదిలాబాదు బదిలీ అయింది. ఆ సాయంత్రమే జీపుకి పాత రకం ఫిల్టరు బిగిసింది. పిచ్చయ్య మిల్లు మీద రాసిన దుంగ కేసు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఊరు ప్రశాంతంగా ఉంది.

అయితే, ఆ తర్వాత వచ్చిన రేంజరు ఏడాది చివరికి ఒక్క కేసైనా చూపించాలి కదా! మొన్న గురువారం జీపు ఎప్పటిలాగే మొత్తుకుంది. రంపం ఆగింది, ఎడ్లు వాగులో దిగాయి, మేం పలకలు మోశాం. రేంజరు అడవంతా తిరిగినా ఒక్క పురుగు కనిపించలేదు. తిరిగొస్తుంటే మలుపు దగ్గర దారి మధ్యలో ఒక మనిషి, నెత్తిన పుల్లల మోపు. బిచ్యా హారను కొట్టాడట. ఎంత కొట్టినా ఆ మనిషి తిరిగి చూడలేదట.

ఎనిమిదింటికి ముత్తక్క ఖాళీ చేతులతో వచ్చి మా పెరట్లో మిరపకాయల పక్కనే కూలబడింది. బొటనవేలికి ఇంకా సిరా ఉంది.

"ఇయ్యాల పుల్లల్లేవమ్మా. గొడ్డలి గుంజుకున్నరు. అడివి దొంగనంట! ఏలిముద్ర ఏయించుకున్నరు," అంది నిర్మలాదేవితో. తర్వాత నా వైపు తిరిగింది.

"ఊరంత ఇన్నదంట గద సారూ జీపు సప్పుడు! నేను మీ దడి పక్కపొంటే పోతుంటి గద అప్పుడు. జర చెయ్యి ఊపినా ఆగకపోదునా?"

నిజమే. ఆరింటికి ఆమె మా దడి పక్కనుంచే వెళ్లింది. నేను చూశాను. చెయ్యి ఊపుదామంటే నా రెండు చేతుల్లోనూ పలక ఉంది. సిగ్గేసింది. ఇది రాస్తుంటే ఇప్పుడూ సిగ్గుగానే ఉంది.

కాబట్టి పాఠకులారా, పైన నేను రాసింది కొట్టేసుకోండి. ఆ పోస్టరులో మాటే సరైంది. ఫిల్టరు కొనేటప్పుడు మధ్య కంతలో ఊది చూడండి, గాలి ఆగితేనే తీసుకోండి. జీపుకి అలాంటిది బిగించమనీ, ముత్తక్క గొడ్డలి ఆమెకి ఇప్పించమనీ పైవాళ్లకి ఇంకో అర్జీ రాయాలని గట్టిగా నిశ్చయించుకున్నాను.

బీరువా పూర్తి కాగానే రాస్తాను. వడ్రంగి ఇంకో రెండు పలకలు కావాలంటున్నాడు.