ట్రైగ్లిజరైడ్ నుంచి కూలీల రక్షణ

ఇంకాస్త దగ్గరికి జరగండి నాయనా, ఈ మాట గట్టిగా పలికితే నాలుక మడతపడుతుంది. ఎల్లారెడ్డి పట్నం పక్కన ఒక ఊళ్లో ఈ వానకాలం నుంచి కూలీల ఆరోగ్యాన్ని కాపాడే భారం లక్ష్మీరాజం పటేల్ గారు స్వయంగా తలకెత్తుకున్నారు. కూలీలు అడగలేదు. గొప్పవాళ్లు అడిగేదాకా ఆగరు.

సంగతి కామారెడ్డిలో మొదలైంది. అక్కడ పటేల్ గారు నెత్తురు పరీక్ష చేయించుకుంటే, కాగితం మీద ట్రైగ్లిజరైడ్ నాలుగు వందల పన్నెండు అని వచ్చింది. నూటయాభై దాటకూడదట. పదో తరగతిలో కూడా పటేల్ గారు ఇన్ని మార్కులు చూసినవారు కారు. కాగితం మడిచి, సగం బయటికి కనిపించేలా జేబులో పెట్టుకున్నారు. చాయ్ హోటల్లో రెండు వందలు వచ్చినవాళ్లు లేచి ఆయనకు కుర్చీ ఇచ్చారు. నూట ఇరవై వచ్చిన వార్డు మెంబరు సిగ్గుపడి మళ్లీ పరీక్షకు పోయాడు.

ఇంతకీ ఆ మాటకు అర్థమేమిటని, నెత్తురు తీసిన మెహక్‌ను పటేల్ గారే అడిగారు.

"కొవ్వే అంకుల్," అన్నది ఆ పిల్ల. "గ్లిజరిన్ అని ఒకటుంటది. దానికి మూడు కొవ్వు ఆమ్లాలు తోకల్లెక్క అతుక్కుంటయి. నూనె, నెయ్యి, యాట కూర మీద తేలేది, అంత గదే."

మూడు తోకల సంగతి విన్న నాటి నుంచి పటేల్ గారికి ఒకటే దిగులు. తన గురించి కాదు, తన పొలంలో నాటు వేస్తున్న పన్నెండుమంది ఆడకూలీల గురించి.

నాట్లు ముగిసిన రోజు కూలీలకు యాట కూరతో, అంటే మేక మాంసంతో, దావత్ ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఆ పన్నెండుమందికీ పెద్ద సాలవ్వ. వేరే ఆసాములు పిలుస్తున్నా ఎవరినీ పోనివ్వకుండా, ఇరవై రోజులు మోకాలి లోతు బురదలో నిలబెట్టింది ఆమె మాటే: 'పటేల్ దావత్ ఇస్తడు, నాది పూచీ.' ఆ దావత్ తప్పితే మరుసటేడు ఆమె వెనుక ఒక్కరూ రారు.

రేపు నాట్లు అయిపోతాయనగా పటేల్ గారు గొడుగు పట్టుకుని ఒడ్డు మీద నిలబడి ఉపన్యసించారు. "నా కండ్ల ముంగట మీ ఒంట్లకు మూడు తోకల ట్రైగ్లిజరైడ్ వస్తాంటె సూస్త ఊకోను. గందుకే ఈ యేడు యాట కూర బంద్. సొరకాయ ఉడకవెట్టిస్త, నూనె సుక్క పడది."

ఊరు మెచ్చుకుంది. ఒక ఆసామి తన కూలీల చాయ్‌లో చక్కెర మాన్పించాడు. ఇంకొకాయన చాయే మాన్పించాడు. దయ అంటుకుంటే అలాగే పాకుతుంది. ముందే కొన్న యాట వృథా కాకూడదని పటేల్ గారు ఇంట్లోనే కోయించారు. చెడిపోయిన ఒంటికి కొత్తగా చెడేదేముందని, పన్నెండుమందికి రావలసిన ముప్పును చుట్టాలతో కలిసి తానే మింగడానికి సిద్ధపడ్డారు.

మర్నాడు ఆ ముప్పు ఉడుకుతున్న వాసన పొలం దాకా వచ్చింది. సాలవ్వ అరవలేదు. రెండు మళ్లు మిగిలి ఉండగానే అందరినీ కాళ్లు కడుక్కుని ఒడ్డెక్కమన్నది. పీకిన నారు కట్టలు ఎండకు వాడుతున్నాయి. కబురు అంది పటేల్ గారు పరుగెత్తుకొచ్చారు, అంటే ఆయాసపడుతూ నడిచొచ్చారు.

"మా మీద గింత ప్రేమ, గింత పావురం పెట్టుకున్నవు పటేలా, మేం ఊకెనే ఎట్ల తీసుకుంటం?" అన్నది సాలవ్వ. "గీ రెండు మళ్లు నీకే ఇడిశిపెట్టినం. వంగి నాటు. పొద్దుగూకెటాలకు నీ మూడు తోకలు ఊడిపోతయి. మేం సొరకాయ తినుకుంట సూస్తం."

పటేల్ గారు మడిని చూశారు. వంగి చూశారు, పొట్ట వంగనివ్వలేదు. ఊళ్లో వేరే కూలీలెవరూ ఖాళీగా లేరు. అరగంటలో పటేల్ గారి ఇంటి నుంచి కూర వండిన గంజు ఒడ్డు మీదికి వచ్చింది, పైన వేలెడు మందం నూనె తేలుతూ. సాలవ్వ పన్నెండుమందికీ వడ్డించి, పటేల్ గారి ముందు సొరకాయ పెట్టింది. ఆయన ఆరోగ్యం ఆమెకూ ముఖ్యమే కదా. తిన్నాక మిగిలిన రెండు మళ్లూ నాటేశారు.

ఇప్పుడు ఆ మాటకు రెండు అర్థాలు వాడుకలో ఉన్నాయి. కామారెడ్డిలో అది నెత్తురులోని కొవ్వు. ఎల్లారెడ్డి పక్కన, ఆసామి పళ్లెంలో ఉంటే కూర, కూలివాళ్ల పళ్లెంలో ఉంటే ట్రైగ్లిజరైడ్.

నవ్వుతున్నారు గానీ, మొన్న మీ ఇంట్లో పనిచేసే ఆమెకు కూర పెడుతూ, పైన తేలిందంతా గరిటెతో ఎటు వంచుకున్నారో మీకు తెలుసు. అదీ ఆమె ఆరోగ్యం కోసమే అయి ఉంటుంది. గుర్తుంచుకోండి నాయనా, నలుగురికీ చెప్పండి. ఆ మాట తప్పు పలికినా ఫర్వాలేదు, పళ్లెం ఎవరిదో మాత్రం తప్పు చెప్పకండి.