ఏ ఆగయ్యకు బీమా?

శుక్రవారం పొద్దున అన్వర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, గోదావరిఖనిలో బస్సెక్కాలి, సెంటినరీ కాలనీలో దిగాలి, ఆగయ్యతో సంతకం పెట్టించుకోవాలి, మధ్యాహ్నం నమాజు వేళకు ఇంటికి రావాలి. జీవిత బీమా ఏజెంటుగా అతనికి లైసెన్సు వచ్చి ఇంకా నెల నిండలేదు. ఆ కార్డును జేబులో ఫొటో బయటికి కనబడేలా పెట్టుకున్నాడు. ఫొటోలో అన్వర్ నవ్వుతున్నాడు. అది లైసెన్సు రాకముందు తీసిన ఫొటో.

తండ్రి బద్రుద్దీన్‌కు చౌరస్తా దగ్గర బండ్లు బాగుచేసే షాపు ఉంది. గోదావరిఖనిలో సగం మోపెడ్లు ఆయన చేతి చలవ వల్ల నడిచేవి, మిగతా సగం అదే చేతి వల్ల ఆగిపోయేవి. కొడుకు బీమా అమ్ముతానన్నప్పుడు ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడు. నెలాఖరులోపు ఒక్క పాలసీ అయినా చేయాలి, లేకపోతే తిరిగొచ్చి షాపులో కూర్చోవాలి. ఆ నెలాఖరు ఈ శుక్రవారమే. ఇంట్లో దక్కనీ మాట్లాడే బద్రుద్దీన్, వాదన పెట్టుకుంటే మాత్రం తెలుగులోకి దిగేవాడు. గిరాకీలతో గెలిచీ గెలిచీ ఆ భాష మీదే ఆయనకు నమ్మకం కుదిరింది.

"ఇయ్యాల పాలసీ రాకపోతే రేపటి సంది పానా పట్టుడే, ఖతం," అన్నాడు టీ సాసర్లో పోసుకుంటూ.

"నాకు పానా వద్దు అబ్బా. నేను పట్టేది పానం," అన్నాడు అన్వర్ చొక్కా మీది బీమా బ్యాడ్జీని సర్దుకుంటూ.

"పానం పట్టుకపోయేటోడు వేరే ఉన్నడు బేటా. ఆయనకు లైసెన్సు అక్కర్లే."

తల్లి అక్బరీ బేగం టిఫిను డబ్బా కొడుకు చేతిలో పెట్టి, "జల్ది పో. ఈయనతోని మాట్లాడుకుంట కూసుంటె బీమా చేసేటోళ్లంత ముసలోళ్లయితరు," అని బయటికి తోసింది.

అన్వర్ ధీమా అంతా ఆగయ్య మీదే. ఆగయ్య గనిలో పనిచేస్తాడు, బద్రుద్దీన్ షాపుకు పాత గిరాకీ. ఆయనకు ఆగయ్య అని ఎవరు పేరు పెట్టారో గానీ, ఆయన మోపెడ్ మాత్రం ఆగేది కాదు. దాన్ని ఆపాలంటే ఏదో ఒక గోడ ఎదురు రావాలి. బ్రేకులు వేయించుకోమని బద్రుద్దీన్ ఎన్నిసార్లు చెప్పినా వచ్చే జీతానికి వాయిదా వేసేవాడు. పోయిన వారం మాత్రం ఆగయ్యే అన్వర్ భుజం మీద చెయ్యి వేశాడు. "శుక్రవారం పొద్దుగాల ఇంటికి రా తమ్మీ. నాకేమన్న అయితే పైసలు మా పోశవ్వకు రావాలె. గంతే, ఇంకేం అడగకు," అన్నాడు. అన్వర్ ఇంకేం అడగలేదు. తప్పంతా అక్కడే ఉంది.

కాలనీలో ఆగయ్య క్వార్టరు ముందు పోశవ్వ చేటలో మిరపకాయలు పోసుకుని ఏరుతోంది.

"అక్కా, ఆగయ్యన్న ఉన్నడా?"

"ఆగయ్యనా? ఆగయ్య ఈడెందుకుంటడు? ఊర్ల ఉంటడు."

"నువ్వు ఆగయ్యన్న భార్యవే గద?"

చేట కిందపడింది. "థూ! నోరు కడుక్కో! ఆగయ్య మా అన్న! ఒక్క తల్లి కడుపుల పుట్టినోళ్లం!"

గిరాకీ కోప్పడినా దారి తప్పకూడదని అన్వర్‌కు ట్రైనింగులో నేర్పారు. అతను తప్పలేదు. నేరుగా గుంటలోకే నడిచాడు.

"తప్పయింది అక్కా. చెల్లెవా! ఇంక మంచిగయింది. మీ అన్నకు నువ్వంటే ఎంత ప్రేమనో, ఎంత పావురమో! ఆయనకేమన్న అయితే యాభై వేలు మా పోశవ్వకే రావాలన్నడు."

"మా అన్నకేమయితది?"

"ఏమన్న కావచ్చు. లారీ గుద్దచ్చు, పాము కరవచ్చు, గుండె ఆగచ్చు. మన చేతుల ఉన్నదా అక్కా?"

పోశవ్వ చేతిలో అప్పటికి చీపురు ఉంది. అన్వర్ వీధి చివరిదాకా వెనక్కి చూడలేదు. చీపురు విసురుతూ ఆమె వేసిన కేకలో ఒక్క ముక్క మాత్రం చెవిన పడింది: "మా ఆయన డ్యూటీ దిగి వస్తడు, అప్పుడు రా, చెప్త నీ పని!"

ఈ సంభాషణను పక్క క్వార్టరు మల్లక్క గోడ మీదుగా వింది. మల్లక్కది పోశవ్వ పుట్టిన ఊరే. అది పెద్దపల్లి పక్కన ఉంటుంది. ఆ పొద్దున ఆమె పుట్టింటికి పోవడానికి సంచి సర్దుకుని ఉంది. ఆమె చెవిన పడినవి ఆగయ్య, గుండె ఆగుడు, లారీ, పాము, యాభై వేలు, పోశవ్వ. ఇంత సరుకు ఉన్న మనిషి బస్సుకు ఆలస్యం చేస్తుందా?

చిందిన మిరపకాయలు ఎత్తుకుంటుంటే పోశవ్వకు వెలిగింది. "అయ్యో! వాడు అడిగింది మా ఆయననే!" అని వీధిలోకి పరిగెత్తింది. బీమా అబ్బాయీ లేడు, మల్లక్కా లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బొగ్గు ప్రాంతంలో మనుషులకే కాదు, పేర్లకు కూడా షిఫ్టులుంటాయి. పోశవ్వ అన్న ఆగయ్యకు ఒకప్పుడు గనిలో ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు నెత్తికి దీపం కట్టుకుని లోపలికి దిగాడు. ఆ చీకటి చూసి దిగినంత వేగంగా పైకి వచ్చాడు. పేరుకు ఆగయ్యే గానీ, ఊరొచ్చేదాకా ఎక్కడా ఆగలేదు. చెల్లెలి పెళ్లికి అందరూ గిన్నెల మీద పేర్లు కొట్టించి ఇచ్చారు. ఆగయ్య గిన్నె లేకుండా ఒట్టి పేరు మాత్రమే ఇచ్చాడు. ఆ పేరుతో బావ నర్సింగం, అంటే పోశవ్వ భర్త, గనిలో చేరాడు. అప్పటి నుంచి అతను భూమి కింద ఆగయ్య, భూమి మీద నర్సింగం. వేరే ఊళ్లలో ఇంటిపేరంటే వంశం పేరు, ఈ కాలనీలో ఇంట్లో పిలిచే పేరు. కంపెనీకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది కాబట్టి దీని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. ఇలాంటివి ఉంటాయని అన్వర్ ఎరగనిదేమీ కాదు. కానీ లైసెన్సు కొత్తలో మనిషికి ఎరిగినవి కూడా గుర్తుండవు.

నమాజు కాలనీలోనే ముగించుకుని, షిఫ్టు విడిచే వేళకు అన్వర్ ధైర్యం కూడగట్టుకుని మళ్లీ వచ్చాడు. మోపెడ్ కూడా వచ్చింది. గోడకు తగిలి నిలబడింది. దిగినవాడు అన్వర్ ఎరిగిన ఆగయ్యే.

"షిఫ్టు మారింది తమ్మీ, చెప్పుడు మర్చిన," అంటూ లోపలికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, బావ గనిలోంచి పారిపోయిన దగ్గర్నుంచి పేరు కథంతా గుసగుసగా చెప్పాడు.

అన్వర్ ఫారం బయటికి తీశాడు. "మరి పాలసీ ఏ పేరు మీద రాయాలె అన్నా?"

"జీతం ఆగయ్యది."

"సచ్చేది?"

"నేనే."

"నువ్వెవరు?"

"నర్సింగం."

"అయితే ఆగయ్య సస్తే?"

"గాయనెందుకు సస్తడు? ఊర్ల గట్టిగున్నడు."

నామినీ సంగతి తర్వాత, ముందు నామమే తేలడం లేదు. అన్వర్ ఫారం మడిచి సంచిలో పెట్టాడు. "దొంగ పేరు మీద రాస్తే రేపు అక్కకు పైస రాదన్నా. నర్సింగం పేరు మీద రాద్దామంటే నర్సింగానికి ఉద్యోగమే లేదు. నా తోని కాదు," అన్నాడు. నాన్న చేతిలోని పానా కళ్ల ముందు మెరిసింది.

సరిగ్గా అప్పుడే వీధిలో ట్రాక్టరు చప్పుడయింది.

ట్రాలీలో ముందు నిలబడి ఉన్నవాడు అసలు ఆగయ్య. పక్కన భార్య ఐలవ్వ, వెనక ఊరి పెద్దమనిషి రాయమల్లు, ఆయన వెనక ఆ పూట పని లేనివాళ్లంతా ఉన్నారు. మల్లక్క బస్సు దిగేసరికే యాభై వేలు లక్షయింది. ఊరు చేరేసరికి లారీ కూడా మాట్లాడి పెట్టబడింది. పాము సంగతి ఇంకా తేలలేదు.

"బావా, బయటికి రా! నా పానం అమ్ముకుంటవా?" అని ఆగయ్య ట్రాలీ మీంచే అరిచాడు.

"మెల్లగ బావా, మెల్లగ," అంటూ నర్సింగం బయటికొచ్చాడు.

"మెల్లగేంది? అందరు ఇనాలె! మొన్న చేపల పులుసు ఎందుకు పంపినవ్?"

"తింటవని."

"అండ్ల ముల్లున్నది!"

"చేపకు ముల్లుండదా?"

"గంత పెద్దదా! గొంతుల ఇర్కితే దవాఖానల వేసిన్రు! దసరాకు 'బండెక్కు బావా, ఇంటికాడ దింపుత' అంటివి. బ్రేకుల్లేని బండి! అప్పుడు సమజ్ కాలే. ఇప్పుడయింది!"

"అన్నా, నీకు పిచ్చి లేసిందా?" అని పోశవ్వ అడ్డమొచ్చింది.

"నువ్వు మాట్లాడకు. లచ్చ రూపాల చెల్లెవు!"

అంతదాకా అయితే అది బావల లొల్లి. ఆగయ్య అక్కడితో ఆగలేదు. రొమ్ము చరుచుకుని, "అసలు ఆగయ్యను నేను! వీడు నర్సింగం! నా పేరు నాకు ఇచ్చెయ్యమను!" అని కాలనీ అదిరేలా అరిచాడు.

తమాషా చూస్తున్న కిటికీలన్నీ టపటపా మూసుకున్నాయి. ఆ వరుసలో పేరు ప్రస్తావన వస్తే తలుపు తీసి ఉంచే ధైర్యం ఎవరికీ లేదు. నర్సింగం ముఖం మాత్రం బొగ్గు అంటకుండానే నల్లబడింది. ఎందుకంటే ట్రాక్టరు దారికి అడ్డంగా ఉంది, దాని వెనక కంపెనీ జీపు వచ్చి ఆగింది, జీపులోంచి ఆఫీసరు లింగమూర్తి దిగుతున్నాడు.

"ఏమయ్యా ఈ లొల్లి? ఎవరు ఆగయ్య?"

"నేనే సార్! నేనే అసలైన ఆగయ్యను!"

నర్సింగం గోడకు ఆనుకున్నాడు. ఆ క్షణంలో అతనికి మోపెడ్ బాధ అర్థమైంది. ఇన్నేళ్ల ఉద్యోగం, ఈ క్వార్టరు, అన్నీ బావ నోటి చివర వేలాడుతున్నాయి. అన్వర్ నర్సింగం ముఖం చూశాడు, ట్రాలీ మీది మనిషి ముఖం చూశాడు. గనిలోంచి ఊరిదాకా పరిగెత్తిన కథ గుర్తొచ్చింది. భయం చూపించి బీమా అమ్మాలని ట్రైనింగులో చెప్పారు. భయం ఉన్న మనిషి ఇప్పుడు ఎదురుగానే ఉన్నాడు.

"అవును సార్, ఈయనే ఆగయ్య," అన్నాడు ముందుకొచ్చి. "రేపు మొదటి షిఫ్టు. పొద్దుగాలనే గనిలకు దిగాలె. నెత్తికి కట్టుకునే దీపం గూడ ఈయన పేరు మీదనే ఉన్నది. కాకా, జీపు తయారుగున్నది, ఇప్పుడే పోయి గని చూసొస్తవా?"

ఆగయ్య రొమ్ము మీది చెయ్యి మెల్లగా కిందికి దిగింది. "గనిలకా? లోపటికా?"

"శానా లోపటికి," అన్నాడు అన్వర్.

లింగమూర్తి ఒక్కసారి అన్వర్ వైపు, ఒక్కసారి నర్సింగం వైపు చూశాడు. ఆ ప్రాంతంలో జుట్టు నెరిసిన మనిషి. "ఊఁ, చెప్పు. నువ్వేనా ఆగయ్యవు?" అన్నాడు.

"నేను... నర్సింగాన్ని సార్," అన్నాడు ఆగయ్య, మింగిన ముల్లు మళ్లీ అడ్డం తిరిగినట్టు. "ఆగయ్య మా బావ. గోడకున్నడు సూడున్రి, గాయనే."

"ఈమె?" అన్నాడు లింగమూర్తి పోశవ్వను చూసి.

"మా చెల్లె సార్. ఆగయ్య పెండ్లాం."

"అంతా సరిగ్గనే ఉన్నది గద! ట్రాక్టరు తీయున్రి," అని లింగమూర్తి జీపెక్కాడు. ఎక్కేముందు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఎక్కువ స్పష్టంగా చూడకూడదనుకున్నప్పుడు ఆయన వాటిని తుడుస్తూ ఉండిపోయేవాడని చెప్పుకునేవారు.

జీపు మలుపు తిరిగాక ఐలవ్వ నోరు తెరిచింది. "అయితే నేనిప్పుడు ఎవరి పెండ్లాన్ని?"

మూసిన కిటికీల వెనక నవ్వు మొదలైంది. తర్వాత కిటికీలు తెరుచుకున్నాయి. రాయమల్లు, "లొల్లి అయిపోయినట్టేనా? కిరాయి ట్రాక్టరు," అని ఆగయ్యనూ ఐలవ్వనూ వదిలి మిగతా ఊరివాళ్లందరినీ ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

పోశవ్వ అందరికీ టీ పోసింది. అసలు సంగతి విన్నాక ఆగయ్య రెండో గ్లాసు అడిగి తాగాడు.

"బావా, నేను బీమా చేసుకోను," అన్నాడు నర్సింగం. "నువ్వు ఊర్ల సల్లగుండు. నాకు గదే బీమా."

"మరి కిస్తు?"

"నెల నెల చేపల పులుసు."

"ముల్లు తీసి పంపాలె," అని ఆగయ్య అన్వర్ వైపు తిరిగాడు. "తమ్మీ, నిజంగ నా పానం యాభై వేలు పలుకుతదా? మా ఊర్ల నాకు ఒక్కడు బీడీ గూడ ఇయ్యడు."

"నీ పేరు మీద, నీ పానానికే చెయ్యచ్చు కాకా. దవాఖానల పరీచ్చ చేస్తరు, గంతే. నీకు ఒక్కటే పేరు గద?"

"ఒక్కటే," అన్నాడు ఆగయ్య గర్వంగా. కాలనీలో ఆ మాట అనగలిగిన మనిషి ఆ పూట ఆయన ఒక్కడే. "రాయి. పత్తి అమ్మిన పైసలున్నయి. నామినీ మా ఐలవ్వ." అంతలోనే అనుమానం వచ్చి భార్య వైపు చూశాడు. "ఇగ కూర ఏదన్న ముందుగాల నువ్వు తినాలె."

సంతకం పెట్టబోతూ కలం ఆపాడు. "ట్రాక్టరు పోయింది. ఊరికి ఈ మోపెడ్ మీద పోవాలె. బీమా చేసి బ్రేకుల్లేని బండెక్కిస్తవా తమ్మీ? ముందుగాల గది చూడు."

అన్వర్ నర్సింగం పెట్టెలోంచి పానా అడిగి తీసుకుని, ఇస్త్రీ చొక్కాతోనే వీధిలో మోపెడ్ పక్కన కూర్చున్నాడు. లైసెన్సు ఫొటో మీద గ్రీజు అంటింది. కాసేపటికి నర్సింగం బండి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, గోడ అవసరం లేకుండా ఆగింది. ఆగయ్య దాని పక్కనే కింద కూర్చుని సంతకం పెట్టాడు.

ఇంట్లో బద్రుద్దీన్ కొడుకు చొక్కా చూసి నవ్వాడు. "పాలసీ దొరికిందా, పని దొరికిందా?"

"రెండు దొరికినయి అబ్బా," అని అన్వర్ ఒక చేత్తో సంతకం పెట్టిన ఫారం, ఇంకో చేత్తో నర్సింగానికి తిరిగివ్వడం మరిచిపోయిన పానా చూపించాడు.

మరుసటి వారం షాపుకు కొత్త బోర్డు వచ్చింది: "ఇచ్చట బండ్లకు బ్రేకులు, మనుషులకు బీమా చేయబడును." దాన్ని రాసిన పెయింటరు గనిలో రెండో షిఫ్టు కార్మికుడు, అడుగున తన పేరు రాసుకునే చోటును మాత్రం ఖాళీగా వదిలేశాడు.