నడి గదిలో కుర్చీ

డిసెంబరు శనివారం. పొద్దుటి నుంచీ సిలాసుకి కాళ్లు నేల మీద ఆనడం లేదు. చర్చి గాయకబృందం పెద్ద రూబెన్ ఆర్.కె. పురంలోని అతని క్వార్టరుకి టీకి వస్తున్నారు. గొంతు నచ్చితే క్రిస్మస్ నాడు సోలో పాట సిలాసుదే! ఏళ్ల తరబడి వెనక వరసలో నిలబడ్డ మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

వచ్చిన పెద్దమనిషికి మర్యాద చెయ్యాలిగా. ఉన్న ఒక్క మంచి కుర్చీనీ హీటరు ముందుకి, సరిగ్గా గది నడిమధ్యకి లాగాడు సిలాసు. రూబెన్ కూర్చున్నారు. సిలాసు గోడవారగా నిలబడి మంద్రంగా పల్లవి అందుకున్నాడు. వంటింట్లో స్టీలు గ్లాసులు గణగణలాడాయి. రూబెన్ మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "సిగ్గుపడకండి బ్రదర్, మొదలెట్టండి," అన్నారు.

సిలాసు ఇంకాస్త గట్టిగా పాడాడు. కింది క్వార్టరు ఫిజిక్సు లెక్చరరు కోదండరామయ్య రొప్పుతూ పైకొచ్చాడు.

"భూకంపం అనుకున్నానయ్యా! మా అద్దాల బీరువా ఒకటే వణుకు!" అని, పాట విని మొహం వెలిగిపోయి, "అచ్ఛా! ఇది మీ గది ట్రాన్సిషన్ ఫ్రీక్వెన్సీ పని! అంటే స్థాయికో హద్దు. ఆ హద్దుకి కింద పాడితే గది పక్షపాతం చూపిస్తుంది. మూలల్లో మోత, నడుమ నిశ్శబ్దం. హద్దు దాటిన గొంతైతే అన్నిచోట్లా సమానంగా వినిపిస్తుంది. గది పెద్దదయ్యేకొద్దీ ఆ హద్దు కిందకి దిగిపోతుంది," అన్నాడు.

"అయితే ఏం చెయ్యమంటారండీ?"

"బ్రదర్‌గారిని ఆ మూలకి జరపండి."

ఆ మూల చెప్పుల స్టాండుంది. రూబెన్‌కి ఒళ్లు మండింది. "టీకి పిలిచి చెప్పుల పక్కన కూర్చోబెడతారా? నేను కదలను!"

"పరమాణువులో ఎలక్ట్రానూ అంతే," కోదండరామయ్య సంబరపడిపోయాడు. "అక్కడ ట్రాన్సిషన్ ఫ్రీక్వెన్సీ అంటే వేరే సంగతి. రెండు శక్తి మెట్ల మధ్య తేడాకి సరిగ్గా సరిపోయే కాంతి తగిలితేనే పై మెట్టుకి ఎగురుతుంది. లేదంటే కదలదు!"

సోలో చేజారిపోతోందన్న కంగారులో సిలాసు ఉన్న ఊపిరంతా పెట్టి పాడాడు. అలమర మీద గ్లాసులన్నీ దబదబా రాలాయి.

"ఏవండీ! ఆపండీ! గ్లాసులన్నీ పడిపోయాయీ!" వంటింట్లోంచి భార్య సరళకుమారి కేక.

రూబెన్ కుర్చీలోంచి ఎగిరి లేచారు. "ఎవరిదండీ ఆ గొంతు?"

"సరిపోయింది!" అని కోదండరామయ్య చప్పట్లు కొట్టాడు.

పట్టకారు చేత్తో పట్టుకునే గదిలోకొచ్చి సరళకుమారి ఒక చరణం పాడింది. రూబెన్ గదంతా తిరిగారు, చివరికి చెప్పుల స్టాండు పక్కనా నిలబడ్డారు. ఎక్కడ విన్నా అదే తీపి. సోలో ఆవిడకే ఇచ్చేశారు. సిలాసుకి ఏడుపొచ్చింది, పాట నిజంగానే బాగుండటం వల్ల ఇంకాస్త ఎక్కువొచ్చింది.

క్రిస్మస్ నాడు ఆవిడ పాడుతుంటే వెనక వరసలో సిలాసు గర్వం పట్టలేక మంద్రంలో గొంతు కలిపాడు, కిటికీల వైపు ఆశగా చూస్తూ.

అంత పెద్ద చర్చిలో ఒక్క అద్దమూ కదల్లేదు.