చట్నీకి తాళం

ఆ పొద్దున ఎల్లప్ప తలస్నానం చేసి బయల్దేరింది గుడికి కాదు, వకీలు దగ్గరికి. పురానాపూల్‌లో అతని మిర్చి బజ్జీల బండికి జనం వచ్చేది పక్కన వేసే పల్లీ చట్నీ కోసం. అది తల్లి నేర్పిన చట్నీ. ఎదురుగా గోవర్ధన్ కొత్త బండి పెట్టినప్పటి నుంచి, ఎక్కడ కాపీ కొడతాడోనని ఎల్లప్పకు కంటిమీద కునుకు లేదు. పేటెంట్ తీసుకుంటే పీడ వదులుతుందనుకున్నాడు.

వకీలు జాఫర్ నవ్వాడు. "పేటెంట్ అంటే ఏమేం ఏస్తవో మొత్తం రాసియ్యాలె భాయ్. దునియా అంత చదువుతది. అయినా మీ అమ్మ కాలం సంది అమ్ముతున్నదానికి ఇయ్యనే ఇయ్యరు, కొత్తది కాదంటరు. ఒక్కటే ఇలాజ్, నోరు మూసుకొనుడు."

"ఇంట్ల గూడనా?"

"ఎంత తక్కువ మందికి తెలిస్తే అంత మంచిది."

ఎల్లప్పది ఉడుంపట్టు. ఆ సాయంత్రమే వంటింటికి తాళం పడింది. ఇన్నేళ్లుగా చట్నీ నూరుతున్న భార్య ఆగమ్మనే బయట నిలబెట్టాడు.

"ఇగ నేనే నూరుత. నీ నోట్ల నువ్వుగింజ నానదు."

"గట్లనా? మంచిది," అన్నది ఆగమ్మ. మనసు చివుక్కుమన్నా అంతకు మించి మాట్లాడలేదు. ఆగమ్మ మాట్లాడలేదంటే భయపడాలి. పాపం, ఎల్లప్పకు అది తట్టలేదు.

మర్నాడు చట్నీ గిన్నెకు పరదా కట్టి, చాటుగా పోసి ఇచ్చాడు. "ఏందన్నా, రుచి మారింది? ఎనుక ఏం కలుపుతున్నవ్?" అని అడిగితే "సీక్రెట్" అన్నాడు. ఇంకేముంది! ఆ మాట చార్మినార్ దాకా పోయేసరికి చట్నీలో ఏదో మందు కలుస్తోంది. బహదూర్‌పురా చేరేసరికి తిన్నవాళ్లు ఆస్పత్రి పాలయ్యారు. బండి దగ్గర ఈగలు కూడా లేవు.

సాయంత్రానికి షాహెద్ వచ్చాడు. చెల్లెలి నిశ్చితార్థానికి బజ్జీల ఆర్డర్ ఇచ్చింది అతనే. ఎల్లప్ప జన్మలో అంత పెద్ద ఆర్డర్ ఎరగడు.

"ఏం ఏస్తున్నవో చెప్పు అన్నా. లేకుంటే ఆర్డర్ కాన్సిల్."

లొల్లికి జనం మూగారు. అందరికంటే ముందు గోవర్ధన్. చెబితే రహస్యం పోతుంది, చెప్పకపోతే బండే పోతుంది. ఎల్లప్ప పరదా పీకేశాడు.

"వినుండ్రి! పల్లీలు, ఎండుమిర్చి, చింతపండు, ఎల్లిపాయ, జర్రంత వాము. మా అమ్మ నేర్పింది గింతే!"

గోవర్ధన్ పెదాలు కదిలిస్తూ బట్టీ పట్టాడు. వెనక నుంచి ఆగమ్మ నవ్వింది.

"అది అత్తమ్మ చట్నీ. నేను కాపురానికొచ్చిన ఏడాదే మార్చిన. ఇన్నేండ్లు జనం తిన్నది నాది."

పక్కింట్లో నూరి తెచ్చిన తన చట్నీ గిన్నె మూత తీసి, ముందు తాను తిని, తర్వాత షాహెద్‌కు పెట్టింది. అతను రెండోసారి చెయ్యి చాపాడు. ఆర్డర్ నిలిచింది.

ఎల్లప్పకు తల కొట్టేసినట్టయింది. తనకు అన్నం పెట్టిన చేతినే నమ్మలేదని కళ్లలో నీళ్లు తిరిగాయి. "తప్పయింది ఆగమ్మా," అంటూ తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. గొంతు తగ్గించి, "ఇంతకీ నువ్వేం ఏస్తవే?" అన్నాడు.

ఆగమ్మ తాళంచెవి కొంగున ముడేసుకుని ఇంటిదారి పట్టింది.

ఇప్పుడా రహస్యం ఎల్లప్పకు కూడా తెలియదు కాబట్టి, బయటపడుతుందన్న ఫికర్ లేదు.